ఇద్దరు తిప్పితేనే వచ్చే మూత

తన మూత మీద ఊరు తిరగబడుతుందని ఎడెల్మీరా కలలో కూడా అనుకోలేదు. అదీ తన ఫ్యాక్టరీ గేటు ముందే, తను నేర్పిన పద్ధతిలోనే, టైర్లు తగలబెట్టి మరీ.

ముందు మూత సంగతి చెప్పాలి. ఆండీస్ కొండల పక్కనున్న సాన్ రఫాయెల్‌లో సీసా మూతలు చేసే ఫ్యాక్టరీని యజమాని చెప్పాపెట్టకుండా వదిలేసి పారిపోయాడు. పోతూ పోతూ గోడ గడియారం కూడా పీక్కుపోయాడు. పనివాళ్లు తాళం పగలగొట్టి లోపల బైఠాయించారు, సహకార సంఘం పెట్టుకున్నారు. కానీ యంత్రాలు మళ్లీ తిరగడానికి చాలా కాలం పట్టింది. ఆ మధ్యలో ఎడెల్మీరా తోపుడు బండి పట్టుకుని ఊరంతా తుక్కు ఏరుకుని బతికింది. ఆమెకు కసి పుట్టింది అక్కడే. తుక్కు కొట్టువాడు రేకు డబ్బాలు తీసుకునేవాడు, తీగలు తీసుకునేవాడు, సీసా మూతలు మాత్రం ఆమె ముఖాన కొట్టేవాడు. "లోపల ఆ ప్లాస్టిక్ రింగు చూడు. కరిగిస్తే కంపూ పొగా తప్ప ఏముంది? తీసుకుపో తల్లీ."

ఆ మూతలు ఎవరు చేసినవి? ఆమె చేసినవే. సగం జీవితం ప్రెస్సు ముందు నిలబడి ఆ రింగులు అతికించిన చేతులు ఆమెవే. తన చెమట తన ముఖానే తిరిగొచ్చి పడింది. అలాంటిది ఎవరు మరిచిపోతారు?

అందుకే యంత్రాలు తిరిగిన మొదటి వారమే మీటింగులో బల్ల ఎక్కింది.

"కామ్రేడ్స్! దొర చేయించిన మూత మనం చేయం. ఇక మీదట మూత మొత్తం ఒకటే లోహం. రింగు లేదు, జిగురు లేదు, రబ్బరు లేదు. సీసా ఖాళీ అయ్యాక మూత తుక్కు కొట్టుకు పోవాలి, కరగాలి, మళ్లీ మూతై మన దగ్గరికే రావాలి!"

"రింగు లేకపోతే గాలి ఎలా ఆగుద్దక్కా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఆమె సంచిలోంచి ఒక ఎంపనాడా తీసి పైకెత్తింది. లోపల మాంసం కూరి, కజ్జికాయలా అంచు మడిచి కాల్చిన ఎంపనాడా. "ఇది పొయ్యిలో ఉన్నప్పుడు రసం బయటికి కారిందా? కారలేదు. ఎందుకు కారలేదు? మా అమ్మ నేర్పిన మడత! పల్చటి అల్యూమినియం అంచును లోపలికి ఇలాగే మడుస్తాం. మెత్తటి మడత గాజును కరుచుకుంటుంది. అయిపోయింది."

"అయిపోతే ఇలా ఇవ్వు," అని సంఘం అధ్యక్షుడు అన్సెల్మో ఆ ఎంపనాడా లాక్కుని తినేశాడు. తీర్మానం దాదాపు అక్కడే నెగ్గింది.

ఈ సంఘంలో అన్నిటికీ చేతులెత్తాల్సిందే. మరుగుదొడ్లో సబ్బు రంగు నుంచి, టీ లాంటి మాతే కాచే వంతు ఎవరిదన్న దాకా. ఒక తీర్మానం నెగ్గాలంటే వ్యతిరేకంగా ఒక్క చెయ్యి కూడా లేవకూడదు. నెగ్గిన దాన్ని రద్దు చేయాలంటే మాత్రం అందరి చేతులూ లేవాలి, ఒక్కటి తగ్గినా కుదరదు. ఈ నియమం పెట్టించింది కూడా ఎడెల్మీరానే. అప్పుడు ఆమె ఎవారిస్తోను లెక్కలోకి తీసుకోలేదు. ఎవారిస్తో గోడౌన్ చూసుకునే ముసలి బ్రహ్మచారి. సంఘం పుట్టినప్పటి నుంచి అతను దేనికీ చెయ్యెత్తలేదు. అడిగితే ఒకటే మాట. "నేను అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు." అలా అనేసి మాతే గొట్టం నోట్లో పెట్టుకుంటాడు.

"రెండు మడతలు చాలు. నేను చేసి చూశాను, కారట్లేదు," అంది ఎడెల్మీరా.

అన్సెల్మోకు మాంసం తిన్న హుషారు. "రెండేంటక్కా? దొర మూతలు కారతాయని ఊరంతా నవ్వేది. మనది ఆండీస్ కొండ మీంచి దొర్లించినా కారకూడదు. మూడు!"

మూడు! మూడు! అని హాలు దద్దరిల్లింది. ఎడెల్మీరా చెయ్యి అడ్డంగా ఎత్తి ఉండాల్సింది. ఎత్తలేదు. తన మూతకు జనం చప్పట్లు కొడుతుంటే ఆపమని ఏ మనిషి చెప్తుంది?

మొదటి మూతలు వచ్చాయి. పీచ్ పండ్ల ముక్కలు పాకంలో వేసి, సీసాలకు బిగించి ఉడకబెట్టారు. చల్లారాక తిరగేశారు, దొర్లించారు, ఎండలో పెట్టారు, కొండల మీంచి వడగాలిలా జోండా గాలి వీచే రోజున ఇంటి కప్పు మీద పెట్టారు. చుక్క కారలేదు. ఇక తెరిచి తిందామని కూర్చున్నారు.

తెరుచుకోలేదు.

అన్సెల్మో తిప్పాడు, ముఖం బీట్‌రూట్ అయింది తప్ప మూత కదల్లేదు. వేడినీళ్లు పోశారు. గుడ్డ చుట్టి తిప్పారు. తలుపు సందులో పెట్టి తిప్పితే తలుపు ఊడొచ్చింది. ఎవరో మేకుతో మూతకు బొక్క కొట్టారు. పాకం వచ్చింది, పండు రాలేదు. సీసా పగలగొడదామంటే గాజు పెంకులు ఎవడు తింటాడు? చివరికి ఒకడు సీసాను పిల్లాణ్ణి వాటేసుకున్నట్టు రెండు చేతులా పొట్టకేసి వాటేసుకున్నాడు, ఇంకొకడు రెండు చేతులతో మూత తిప్పాడు. టక్! తేలిగ్గా వచ్చేసింది. ఇంకో సీసా తీశారు. ఒక్కడికి రాలేదు. ఇద్దరికి, టక్!

హాల్లో అందరూ ఎడెల్మీరా వైపు చూశారు. మూడో మడత తీసేద్దాం అని నోరు తెరిచేలోపే అన్సెల్మో బల్ల ఎక్కేశాడు.

"కామ్రేడ్స్, దీన్ని లోపం అంటారా? ఒంటరివాడు తెరవలేని మూత! ఇద్దరు కలిస్తేనే తెరుచుకునే మూత! మనం ఇన్నాళ్లూ గోడల మీద రాసిందేంటి? అదే కదా ఇది!"

చప్పట్లు, ఈలలు. ఒకామె ఏడ్చింది కూడా. అదే ఊపులో తీర్మానం: మూత పేరు సంఘీభావ మూత. మూడు మడతలు సంఘం సిద్ధాంతం. వ్యతిరేకంగా ఒక్క చెయ్యీ లేదు. ఎవారిస్తో మాతే తాగుతున్నాడు.

పండ్ల సీసాలు నింపే కంపెనీ వాడు వచ్చి మూత కారుతుందా అని చూశాడు. కారలేదు. సరే పంపండి అన్నాడు. తెరిచి చూడలేదు. వాడికేం? మూసేది వాడి యంత్రం, తెరిచే తిప్పలు కొనుక్కున్నవాళ్లవి. యజమాని వదిలేసిన యంత్రాలు ఎవరివన్న కేసు కోర్టులో నడుస్తోంది, జడ్జి కూడా తేల్చి చెప్పాడు: మొదటి సరుకు అనుకున్న రోజు పొద్దుగూకేలోపు కంపెనీకి చేరితే యంత్రాలు సంఘానివి, చేరకపోతే వేలానికి. ఆ రోజు కోసం అందరూ వంతులేసుకుని పనిచేశారు. మిగిలిపోయిన పీచ్ పండ్ల సీసాలు ఊళ్లో ఇంటింటికీ ఉచితంగా పంచారు, రుచి చూడమని.

ఎడెల్మీరా కూడా ఒకటి ఇంటికి తీసుకెళ్లింది. మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు. బల్ల ముందు కూర్చుని తిప్పింది. మోకాళ్ల మధ్య పెట్టి తిప్పింది. తన మూతను తనే బూతులు తిట్టింది. రాలేదు. పక్కింటివాళ్లను పిలవొచ్చు. కానీ ఆ మూత చేసిందే ఆమె, ఏ ముఖం పెట్టుకుని పిలుస్తుంది? సీసాను పిండి డబ్బా వెనక దాచేసింది. మర్నాడు అందరితో "బ్రహ్మాండంగా ఉందిరా!" అంది.

సరుకు పంపే రోజు వచ్చింది. లారీ నిండా మూతల పెట్టెలు. ఎడెల్మీరా గేటు తీసింది. గేటు అవతల పొగ.

రోడ్డుకు అడ్డంగా టైర్లు తగలబడుతున్నాయి. వెనక జనం, డోలు, పెనాలు, గరిటెలు. ముసలివాళ్లు ఎక్కువ, నడివయసు వాళ్లు కొందరు. ప్రతివాడి చంకలో ఒక పీచ్ పండ్ల సీసా. మూత తీయనిది. రెండు కర్రల మధ్య దుప్పటి మీద రాసి ఉంది: మాకు రెండో జత చేతులు లేవు.

అందరికంటే ముందు ఎవారిస్తో నిలబడి ఉన్నాడు.

"ఏంటయ్యా ఇది?" అంది ఎడెల్మీరా.

"రాస్తారోకో."

"అది కనిపిస్తోందిలే! ఎవరి మీద?"

"మీ మూత మీద. ఊళ్లో ఒంటరిగా ఉండేవాళ్లు ఎంతమందో మీ మీటింగులో ఎవరైనా అడిగారా?"

"నువ్వు మీటింగులోనే ఉన్నావుగా! నీకు నోరు లేదా?"

"నన్నెవరూ అడగలేదు. అనుకూలమా, వ్యతిరేకమా అని మాత్రమే అడిగారు."

డోలు మోగింది. రిటైరైన బడిపంతులమ్మ, దోన్యా ఓర్తెన్సియా, పెనం మీద గరిటెతో దరువేస్తూ ముందుకొచ్చింది. "ఏమ్మా ఎడెల్మీరా, నీకు అక్షరాలు నేర్పింది నేనే. నా చేతులు చూడు, కీళ్లవాతం. ఈ సీసా వారం నుంచి నా ముఖం చూస్తోంది, దాని ముఖం నేను చూస్తున్నాను. సంఘీభావమట! నా పిల్లికి చెప్పు, వచ్చి పట్టుకుంటుందేమో!"

జనం గొల్లుమన్నారు. ఎడెల్మీరా వెనక్కి తిరిగి లారీ డ్రైవర్‌ని చూసింది. అతను అప్పటికే ఇంజన్ ఆపేసి, కిందికి దిగి సిగరెట్ ముట్టించాడు.

"ఏరా, ఎందుకు ఆపావు?"

"రాస్తారోకో దాటనక్కా. నువ్వే నేర్పావు. ఎవరి రాస్తారోకో అయినా, దేనిమీదైనా, దాటినవాడు దొర కుక్క అని. నా బండి తలుపు మీద నువ్వే రంగుతో రాయించావు కూడా."

నిజమే, ఆ రాత ఆమెదే. లోపల పనివాళ్లు గేటు దగ్గర గుంపుగా నిలబడ్డారు, ఒక్కడూ అడుగు బయట పెట్టట్లేదు. అన్సెల్మో గేటు కమ్మీల సందులోంచి ముఖం పెట్టి గొణిగాడు. "అక్కా, పొద్దుగూకితే మన పని అయిపోద్ది. ఏదో ఒకటి చెయ్యి."

"నువ్వు చెయ్యి, మూడు మడతల మొనగాడివి!"

"నేను దాటలేనుగా. రాస్తారోకో."

సూర్యుడు నడినెత్తి నుంచి దిగుతున్నాడు. కంపెనీలో పీచ్ పండ్లు కోసేసి ఉంటారు, పాకం మరుగుతుంటుంది. ఎడెల్మీరా ఇటు చూసింది, అటు చూసింది. ఇటు తన ఫ్యాక్టరీ. అటు టైర్లు, డోలు, పెనాలు, సాసేజీలు కాలుతున్న వాసన. ముప్పై ఏళ్లుగా ఆ వాసన ఎక్కడొచ్చినా ఆమె కాళ్లు అటే పోయాయి. ఈరోజు మాత్రం ఎందుకు ఆగుతాయి? పోయాయి. పొగలోంచి నడిచి అవతలికి వెళ్లి, దుప్పటి కర్ర ఒకటి పట్టుకుని నిలబడింది.

"అక్కా!" అని అరిచాడు అన్సెల్మో. "నువ్వెటువైపు?"

"నోర్ముయ్! మా ఇంట్లో పిండి డబ్బా వెనక నాదీ ఒక సీసా ఉంది. నాకూ రాలేదు!"

జనం వేసిన కేక సెంటర్ దాకా వినిపించి ఉంటుంది. ఓర్తెన్సియా ఆమె బుగ్గ గిల్లింది. ఎవరో భార్య పోయిన ఒక కుర్రాణ్ణి ఆమె ఇంటికి పంపి ఆ సీసా తెప్పించారు. దాన్ని సాక్ష్యంగా అందరికీ చూపించి, ఆమె సంచిలో పెట్టారు.

సాయంత్రం పొద్దు వాలే వేళ తుక్కు కొట్టువాడు బండి తోసుకుంటూ అటు వచ్చాడు. అప్పటికే రోడ్డు పక్కన ఊడదీసిన మూతలు కుప్పపడి ఉన్నాయి. ఊడదీసినవి ఎలా వచ్చాయంటారా? ఇంత మంది ఒకచోట చేరాక ఒంటరి ఎవరు? ఈయన పట్టుకున్నాడు, ఆవిడ తిప్పింది, టక్. ఒకదాని వెనక ఒకటి సీసాలు ఖాళీ. తుక్కువాడు ఒక మూత తీసి లోపల చూశాడు, వేలితో గీరాడు, పంటితో కొరికాడు.

"రింగేది?"

"లేదు," అంది ఎడెల్మీరా.

"జిగురు?"

"లేదు."

అతను కుప్ప మొత్తం బండిలోకి ఎత్తుకున్నాడు, టోపీ తీశాడు. "ఇదమ్మా మూతంటే. ఇంకా ఉంటే కేకెయ్యి." పోతూ పోతూ ఒక పీచ్ ముక్క నోట్లో వేసుకున్నాడు.

ఎడెల్మీరాకు ఆ మాటతో ఎక్కడలేని బలం వచ్చింది. దుప్పటి కర్ర మీదికెత్తి అరిచింది. "అన్సెల్మో! మీటింగు ఇక్కడే పెట్టు. గేటుకు అటు మీరు, ఇటు మేము. ఒకటే తీర్మానం: మూడో మడత తీసేద్దాం. అచ్చు మార్చడానికి ఎంతసేపు? ఇప్పుడున్న సరుకు పోనిచ్చి, వచ్చే సరుకు నుంచి రెండు మడతలే. వీళ్ల డిమాండు ఒప్పేసుకుందాం, లారీ కదులుతుంది!"

గేటు అవతల చేతులు గబగబా లేచాయి. ఎడెల్మీరా నవ్వుతూ ఇటు తిరిగింది.

ఇటు ముఖాలు మాడిపోయి ఉన్నాయి.

"మా డిమాండు ఒప్పుకుంటారా?" అంది ఓర్తెన్సియా, ఎవరో తిట్టినట్టుగా.

"అవును టీచరమ్మా. మీరు గెలిచారు!"

"గెలిస్తే ఇంటికి పోవాలిగా?"

"మరి?"

"మా ఆయన పోయినప్పటి నుంచి నేను రేడియో ముందు కూర్చుని తింటున్నా. ఈరోజు ఆ సిమెంటు మేస్త్రీ నా సీసా పట్టుకున్నాడు. ఆయన సీసా నేను పట్టుకున్నా. నాకు కీళ్లవాతం అన్న సంగతే మరిచిపోయా. ఇప్పుడు నువ్వొచ్చి రెండు మడతలంటావు! ఒప్పుకోం!"

"మడత తీయకూడదు!" అని మేస్త్రీ అరిచాడు. డోలు అందుకుంది. మూడు! మూడు! ఫ్యాక్టరీ హాల్లో మోగిన ఆ అరుపే ఇప్పుడు రోడ్డు మీద మోగింది.

ఎడెల్మీరా నెత్తి కొట్టుకుంది. "ముప్పై ఏళ్లుగా రోడ్ల మీదున్నాను! కడుపుకు ఓడిన రాస్తారోకో చూశా, లాఠీకి ఓడింది చూశా. గెలుపుకు భయపడి పారిపోయే రాస్తారోకోని ఇప్పుడే చూస్తున్నా! ఎవారిస్తో, వీళ్లను తెచ్చింది నువ్వు, నువ్వు చెప్పు. సభ్యుడివి కూడా. రద్దు చేయాలంటే నీ చెయ్యి కూడా లేవాలి. ఎత్తు!"

ఎవారిస్తో రోడ్డు అంచున కాలువ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. "నేను అనుకూలమూ కాదు," అన్నాడు. "వ్యతిరేకమూ..." అని, మాట మధ్యలో కడుపు పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు.

పొద్దుటి నుంచి అతను ఎవరు పిలిస్తే వాళ్ల సీసా పట్టుకుని, ఎవరు పెడితే వాళ్ల పండు తిన్నాడు. ఇన్నేళ్లుగా ఒక గుడ్డూ ఒక రొట్టే తినే కడుపు అది. అంత పాకానికి, అంత మందికి అలవాటు లేదు. మెలికలు తిరుగుతూ మూలుగుతున్నాడు.

"ఆస్పత్రికి! ఆస్పత్రికి!"

"అంబులెన్స్‌కి ఫోన్ చేయండ్రా!"

"అది వచ్చేసరికి తెల్లారుద్ది!"

అప్పుడు ఎడెల్మీరాకు గుర్తొచ్చింది. తను నేర్పిన ఇంకో నియమం. రాస్తారోకో ఎవరికీ దారివ్వదు, రోగిని తీసుకెళ్లే బండికి తప్ప. ఆ బండి దొరదైనా, మంత్రిదైనా, పోలీసుదైనా సరే.

"లారీ తీసుకురా!" అని అరిచింది.

డ్రైవర్ తటపటాయించాడు. "లారీలో మూతలున్నాయిగా అక్కా."

"రోగిని మూతల మీద పడుకోబెట్టకూడదని నీకు ఏ డాక్టరు చెప్పాడ్రా?"

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నియమం నియమమే. మేస్త్రీ పారతో టైర్లను పక్కకు లాగాడు. ఓర్తెన్సియా తన దుప్పటి ఇచ్చింది. ఎవారిస్తోను మోసుకెళ్లి పెట్టెల మీద పడుకోబెట్టారు. తోడుగా ఎడెల్మీరా ఎక్కింది. లారీ హారన్ అంబులెన్స్‌లాగా కూయకపోయినా డ్రైవర్ దాన్ని వదలకుండా నొక్కాడు. రెండు వైపులా జనం పెనాలు ఛాతీకి పెట్టుకుని మౌనంగా దారిచ్చారు. లారీ దాటగానే టైర్లు మళ్లీ రోడ్డు మీదికి లాగేశారు, రాస్తారోకో ఆగిందన్న పేరు రాకూడదుగా.

ఊరి చివర రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపు ఆస్పత్రి. ఎడమవైపు పండ్ల కంపెనీ. డ్రైవర్ బండి ఆపి వెనక్కి అరిచాడు. "ఎటక్కా?"

పడమట కొండల మీద సూర్యుడు ఆనుకుని ఉన్నాడు. ఎడెల్మీరా చెంపల మీద నీళ్లు కారాయి. ఫ్యాక్టరీలో ఎంతమంది బతుకులు! ఇక్కడ ఒక మనిషి కడుపు. ఆమె వంగి అతని చెవిలో అడిగింది. "ఎవారిస్తో, నిజం చెప్పు. ఎంత నొప్పిగా ఉంది? ముందు కంపెనీకి పోనా, ఆస్పత్రికి పోనా? నీ మాటే చివరి మాట. ఆస్పత్రి అంటే ఆస్పత్రికే."

ఎవారిస్తో కళ్లు తెరిచాడు. మూతల పెట్టెలను తడిమాడు. ఆకాశం చూశాడు. పెద్ద త్రేన్పు ఒకటి వచ్చింది. కాస్త తేలికపడ్డట్టున్నాడు.

"నేను అనుకూలమూ కాదు," అన్నాడు, "వ్యతిరేకమూ కాదు."

"వ్యతిరేకంగా చెయ్యి లేదు!" అని ఎడెల్మీరా గొంతు చించుకుంది. "తీర్మానం నెగ్గింది! ఎడమకు తిప్పరా!"

కంపెనీ గేటు కాపలావాడు సరుకు అందినట్టు సంతకం పెట్టేసరికి సూర్యుడి పై అంచు ఇంకా కొండ మీద మిగిలే ఉంది. పెట్టెలు దించుతుంటే వాటి మీద పడుకున్న రోగిని చూసి వాడు నోరు తెరిచాడు గానీ, ఎడెల్మీరా ముఖం చూసి మూసుకున్నాడు.

ఆస్పత్రిలో నర్సు ఎవారిస్తో పొట్ట నొక్కి చూసి, ఒక గ్లాసు ఉప్పునీళ్లు తాగించి, వరండాలో బల్ల మీద కూర్చోబెట్టింది. "ఏం కాలేదు. తిండి ఎక్కువైంది. ఈ మనిషికి ఇంట్లో ఎవరూ లేరా?"

"లేరు," అన్నాడు ఎవారిస్తో.

"రాస్తారోకో ఉంది," అంది ఎడెల్మీరా.

ఇద్దరూ కూర్చున్నారు. యంత్రాలు దక్కాయి. మూడో మడత మాత్రం అలాగే ఉండిపోయింది, దాన్ని తీసేయడానికి కావలసిన ఆఖరి చెయ్యి ఆస్పత్రి వరండాలో ఉంది కాబట్టి. రేపు కూడా రోడ్డు మీద ఆ జనమే ఉంటారు, ఎల్లుండి కూడా. ఎడెల్మీరాకు పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. అది ఇప్పుడే తెలిసొచ్చింది. సంచిలో చెయ్యి పెట్టి సీసా తీసింది. పిండి డబ్బా వెనకది. మూత మీద ఇంకా పిండి ఉంది.

ఒక్కతే తిప్పింది, అలవాటు కొద్దీ. రాలేదు.

"పట్టుకుంటావా?" అంది, అతని వైపు చూడకుండా.

ఎవారిస్తో సీసాను రెండు చేతులా నొప్పి పొట్టకేసి వాటేసుకున్నాడు.

"నేను అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు," అన్నాడు. "పట్టుకుంటానంతే. తిప్పు."